గోడమీద తల

నేను ఒక రఫ్ బుక్కుని. కొట్లో కొన్న రఫ్ బుక్కుని కాను, ఇంట్లో కుట్టిన రఫ్ బుక్కుని. నన్ను పట్టుకునే ముందు దయచేసి చేతులు తుడుచుకోండి. పొయ్యి దగ్గర పెట్టకండి. కిటికీ దగ్గర అసలే పెట్టకండి, వాన ఎప్పుడు కొడుతుందో ఎవరు చెప్పగలరు? పకోడీలు తింటూ చదివే అలవాటుంటే ఇంకో పుస్తకం చూసుకోండి. ఒక రఫ్ బుక్కుకి ఇంత భయమేమిటని నవ్వుకుంటున్నారేమో. నన్ను కుట్టిన చేతుల సంగతి తెలిస్తే మీకే అర్థమవుతుంది.

ఆ చేతులు రూతమ్మవి. రేపల్లె వైపు ఒక చిన్న ఊళ్లో జాకెట్లు కుడుతుంది. ఏటా జూన్ నెల రాగానే కూతురు దీవెన తాలూకు పాత నోటు పుస్తకాలన్నీ ముందేసుకుని, రాయకుండా మిగిలిన కాగితాలు ఒక్కొక్కటీ విడదీసి, దొంతరగా పేర్చి, దబ్బనంతో పొడిచి, పురికొసతో కుడుతుంది. మా వైపు చాలామంది తల్లులు చేసే పనే ఇది. అందుకే నా ఒంట్లో లెక్కల కాగితాలున్నాయి, హిందీ కాగితాలున్నాయి, ఒకవైపు గీతలుండి రెండోవైపు తెల్లగా ఉండే సైన్సు కాగితాలూ ఉన్నాయి. ముప్పయ్యో పేజీలో సగం కప్ప బొమ్మ ఉంది. మిగతా సగం ఎక్కడుందో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

మామూలుగా తల్లులు ఇలాంటి పుస్తకానికి నాలుగు కుట్లు వేస్తారు. రూతమ్మ పదకొండు వేసింది. కాగితం ఊడితే, ఊడిన కాగితం గాలికి ఎగిరితే, దాని వెనక పిల్ల పరిగెత్తితే, అప్పుడే రోడ్డు మీదకి లారీ వస్తే? ఆవిడ ఆలోచన అలా ఉంటుంది. ఏ వస్తువును చూసినా దాని చివర ఆవిడకొక లారీ కనిపిస్తుంది. పదకొండు కుట్లలోంచీ ఆ భయం నా వెన్నులోకి దిగిపోయింది. ఏం చేస్తాను, పుట్టుక అలాంటిది.

దీవెన ఏడో తరగతి. కిటికీ పక్క బెంచీలో కూర్చుంటుంది. ఆ కిటికీలోంచి బడి ప్రహరీ గోడ కనిపిస్తుంది. రోజూ మధ్యాహ్నం పన్నెండు కొట్టే వేళకి ఆ గోడ మీద ఒక తల లేస్తుంది. రూతమ్మ తల. గోడ అవతల ఒక రాయి వేసుకుని, దాని మీద మునివేళ్ల మీద నిలబడి, కిటికీలో కూతురి తల ఉందో లేదో చూసి, ఉందని నమ్మకం కుదిరాక దిగిపోతుంది.

"ఏయ్ దీవెనా, మీ సీసీ కెమెరా వచ్చిందే!" అంటారు వెనక బెంచీవాళ్లు. తరగతంతా కిసుక్కుమంటుంది. దీవెన నా మీదకి వంగి, లేని లెక్క ఒకటి చేయడం మొదలుపెడుతుంది. అలాంటి లేని లెక్కలు నాలో ఇరవై పేజీలున్నాయి.

ఆ పిల్లకి ప్రపంచంలో ఒకే కోరిక ఉండేది. తల్లి ఆ గోడ దగ్గరికి రావడం మానాలి. బతిమాలి చూసింది, అలిగి చూసింది, ఒకపూట అన్నం మాని చూసింది.

"నీకోసం ఎవరొస్తన్నారే? దారిన పోతా పోతా చూస్తన్నా, అంతే" అంటుంది రూతమ్మ.

ఆ దారి బడి గోడతోనే ఆఖరు. దాని అవతలికి పోవాలంటే బాతై పుట్టి ఉండాలి, మురుగుకాలవ తప్ప ఇంకేమీ లేదు.

ఇలా ఉండగా మా బడికి ఒక రచయిత వస్తున్నాడని కబురొచ్చింది. పేరు కుసుమాకరరావు. పిల్లల చేత కథలు రాయించడానికి బడి బడికీ తిరుగుతున్నాడట. 'పిల్లల్లో నిద్రపోతున్న సృజనను మేల్కొలుపుట' అని ఆ కబురుతో వచ్చిన కాగితంలో ఉంది. హెడ్మాస్టరుగారు ఆ కాగితం మూడుసార్లు చదివి కంగారుపడ్డారు. పైనుంచి ఎవరొచ్చినా ఆయనకి తనిఖీ కిందే లెక్క. తనిఖీ అంటే పిల్లలు జవాబులు ముందే బట్టీ పట్టి ఉండాలి.

తెలుగు టీచరు శేషారత్నంగారిని పిలిచి, "ఆయన కథ రాయమంటాడు. పిల్లలు తెల్లమొహాలేస్తే పరువు పోద్ది. ఒక కథ రాసి బట్టీ పట్టించండి" అన్నారు.

"ఒక్క కథేనాండీ?"

"రెండైతే కలిపేసుకుంటారు. ఒక్కటే గట్టిగా పట్టించండి."

శేషారత్నంగారు ఆ రాత్రికి రాత్రి సృష్టించిన కథ పేరు 'కష్టజీవి రామయ్య'. రామయ్య వీధి దీపం కింద చదివి కలెక్టరవుతాడు. మర్నాడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా తరగతి మొత్తం రామయ్యను వల్లించింది, ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆశ్చర్యపడాలో గుర్తులతో సహా.

ఒక్క దీవెన వల్లించలేదు. ఆ పొద్దున రెండు తుమ్ములు తుమ్మింది. మొదటి తుమ్ముకి రూతమ్మ కుట్టుమిషను ఆపింది, రెండో తుమ్ముకి బడి మానిపించి మిరియాల కషాయం పెట్టింది.

రచయిత వచ్చే రోజున శేషారత్నంగారు ఈ సంగతి కనిపెట్టి తల పట్టుకున్నారు. "నీకు కథ రాదుగా? ఆఖరి బెంచీకి పో. రాస్తున్నట్టు చెయ్యి తిప్పుతా ఉండు. ఆయన అంతదూరం రాడులే." మిగతావాళ్లకి తెల్ల కాగితాలిచ్చారు. చెయ్యి తిప్పడానికి తెల్ల కాగితం దండగని దీవెనకి ఇవ్వలేదు. అలా నేను ఆఖరి బెంచీ మీదకి చేరాను.

తొమ్మిదిన్నరకి రావలసిన కుసుమాకరరావుగారు పదకొండుకి వచ్చారు. శాలువా కప్పారు, దండ వేశారు. దండ ఫొటోలో సరిగ్గా పడలేదని తీసి మళ్లీ వేశారు. ఊరంతా వినాలని హెడ్మాస్టరుగారు మైకుసెట్టు పెట్టించారు. గొట్టం వేపచెట్టుకి కట్టించారు. రచయిత తన బాల్యం గురించి ఇరవై నిమిషాలు, తన పుస్తకాల గురించి ఇంకాసేపు మాట్లాడి, సంతకం పెట్టిన ఒక పుస్తకం బడికి బహూకరించారు. పిల్లలు పాడుచేస్తారని హెడ్మాస్టరుగారు దాన్ని అక్కడికక్కడే బీరువాలో పెట్టి తాళం వేశారు.

చివరికి ఆయన ఒక మంచిమాట అన్నారు, అది నేను కాదనను. "పిల్లలూ, ఎవరికీ చెప్పలేని మాట ఒకటి ప్రతివాళ్ల దగ్గరా ఉంటుంది. అది రాయండి. పది నిమిషాలు."

ముప్పయ్యారు పెన్నులు ఒక్కసారిగా 'అనగనగా ఒక ఊరిలో రామయ్య' అని బయలుదేరాయి. దీవెన కాసేపు ఊరికే చెయ్యి తిప్పింది. తర్వాత ఏమైందో, నా ముప్పయ్యొకటో పేజీ తీసి, ఊపిరి తీయకుండా రాసింది. పెన్ను ఎంత గట్టిగా నొక్కిందంటే ఆ అక్షరాలు వెనక పేజీలో వేలికి తగులుతాయి.

గడువయ్యాక రచయిత మొదటి కాగితం తీసుకుని మైకులో చదివారు. రామయ్య కలెక్టరయ్యాడు. చప్పట్లు. రెండో కాగితంలోనూ అయ్యాడు. మూడో కాగితం సగంలో ఆయన ఆగిపోయారు.

"ఈ రామయ్య మీ ఊరివాడా బాబూ?"

"కాదు సార్, టీచరుగారి వాడు" అన్నాడు ముందు బెంచీ పిల్లవాడు నిజాయితీగా.

శేషారత్నంగారు చాక్‌పీసుల డబ్బా సర్దడంలో మునిగిపోయారు. హెడ్మాస్టరుగారు మాత్రం తొణకలేదు. "మా పిల్లలు మొదటినుంచీ ఒకే మాట మీద ఉంటారండీ."

రచయిత మొహం చిన్నబోయింది. రామయ్య లేని కాగితం కోసం వెతుక్కుంటూ బెంచీల మధ్యగా నడిచి, ఆఖరికి నా దగ్గరికొచ్చారు. పన్నెండో పేజీలో హెడ్మాస్టరుగారి బొమ్మ ఉంది, మీసాలతో. అది గానీ తీస్తే పిల్ల బతుకేం కాను? కానీ ఆయన తీసింది ముప్పయ్యొకటో పేజీ. తీసి, కళ్లు పెద్దవి చేసి, తిన్నగా మైకు దగ్గరికి నడిచారు.

"వద్దు సార్" అంది దీవెన. ఆ మాట ఆమెకీ నాకూ తప్ప ఎవరికీ వినపడలేదు.

వేపచెట్టు మీది గొట్టం చదివింది.

"మా అమ్మకి అన్నీ భయమే. చేప తింటే ముల్లు, జామకాయ తింటే గింజ, నవ్వితే పొలమారుద్దని భయం. రోజూ పన్నెండింటికి గోడ వెనక రాయెక్కి నేను బతికే ఉన్నానా అని చూసి పోతుంది. అందరూ నవ్వుతారు. మొన్న నేనూ నవ్వాను. ఆవిడెవరో నాకు తెలియనట్టు నవ్వాను. అమ్మ చూసిందో లేదో తెలియదు. అమ్మ రాకుండా ఉంటే బాగుండు. ఈ మాట అమ్మతో చెప్పాలంటే నాకు భయం."

తరగతిలో సగంమంది నవ్వారు, సగంమంది నవ్వబోయి మానుకున్నారు. గోడ మీద తల ఉంది. ఎప్పటినుంచి ఉందో ఎవరూ గమనించలేదు. ఈసారి అది కిటికీ వైపు చూడటం లేదు, వేపచెట్టు మీది గొట్టాన్ని చూస్తోంది. కాసేపటికి దిగిపోయింది. దీవెన బెంచీ మీద తలవాల్చేసింది.

రెండు నిమిషాల్లో రూతమ్మ గేటులోంచి వచ్చింది. భుజాన టేపు అలాగే వేలాడుతోంది. తిడుతుందనే అందరూ అనుకున్నారు.

"ఆ పుస్తకం ఇటియ్యండి బాబూ" అంది.

"అమ్మా, మీరేనా? మీ అమ్మాయి పెద్ద రచయిత్రి అవుతుంది!"

"అట్టా అనమాకండి. ఎప్పుడూ రాస్తా కూర్చుంటే కళ్లు పోవా? నడుం వంగిపోదా?" అని, ఆయన కళ్లద్దాల వంకా వంగిన నడుం వంకా జాలిగా చూసింది. "ఎండన పడి వచ్చారు, మజ్జిగన్నా తాగారా?"

కుసుమాకరరావుగారు అప్పటిదాకా చాలా సభల్లో మాట్లాడి ఉంటారు. ఆ ప్రశ్న మాత్రం ఏ సభలోనూ ఎవరూ అడిగి ఉండరు. శాలువా సర్దుకుని, ఆ పేజీ ఇస్తే పత్రికలో వేయిస్తానన్నారు.

"గొట్టంలో వేశారుగా, చాల్లెండి" అని నన్ను చంకన పెట్టుకుని, కూతురి వంక చూడకుండా వెళ్లిపోయింది. చూసి ఉంటే బాగుండేదని నాకనిపించింది. ఆవిడ చంకలో నేను అదురుతున్నాననుకున్నాను. అదిరేది నేను కాదు.

ఆ సాయంత్రం తల్లీ కూతుళ్లు చేపల పులుసు మధ్యలో పెట్టుకుని ముళ్లు ఏరుకుంటూ తిన్నారు, అంతే. మర్నాడు దీవెన నేను లేకుండానే బడికి పోయింది. నేను కుట్టుమిషను బల్ల మీద, ఎవరిదో గులాబీరంగు జాకెట్టు చెయ్యి కింద ఉండిపోయాను.

పదకొండుంబావుకి రూతమ్మ గడియారం చూసింది. చెప్పులు వేసుకుంది. విడిచింది. మళ్లీ ఒక చెప్పు వేసుకుంది. ఒక కాలికి చెప్పుతో ఒక కాలికి లేకుండా వచ్చి కూర్చుని, కొలతలు రాసే పొట్టి పెన్సిలు తీసి, ముప్పయ్యొకటో పేజీ తెరిచింది. వేలితో ఒక్కో అక్షరం తడుముతూ మొత్తం చదివింది. చదివి, కూతురి రాత కింద పెద్ద పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. రూతమ్మ చదివింది ఐదో తరగతి. అక్షరాలు గీత మీద నిలబడలేదు, కానీ ఒక్కటీ వెనక్కి తగ్గలేదు.

"పన్నెండింటికి కాదు. నేను పదకొండున్నరకే వస్తాను. నువ్వు తలెత్తేది పన్నెండింటికి.

నువ్వు నవ్వడం చూశాను. పళ్లు శుభ్రంగా తోముకున్నావులే అనుకున్నాను.

నేను ఐదో తరగతిలో ఉండగా మా బడి కప్పు కూలింది. ఆదివారం కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఊరంతా అదృష్టం అని నవ్వుకున్నారు. దూలం పడిన చోటు నేను కూర్చునే చోటు. శనివారం సాయంత్రం దాకా అక్కడే కూర్చుని ఎక్కాలు చదివాను. అప్పటినుంచి ఏ కప్పునీ నేను నమ్మను. నిన్ను చూడటానికి వస్తున్నానని నువ్వనుకుంటున్నావు. ముందు కప్పు చూస్తాను, తర్వాత నిన్ను చూస్తాను."

ఇక్కడిదాకా వచ్చేసరికి తలుపు దభాలున తెరుచుకుంది. దీవెన. చెమటలు కారుతున్నాయి.

"ఏందే, కూలిందా?" రూతమ్మ లేచి నిలబడింది.

"ఏం కూల్లేదు! నువ్వెందుకు రాలేదు?"

"రావద్దని మైకులో చెప్పించావుగా."

"రాకపోతే రావట్లేదని చెప్పాలిగా! పన్నెండున్నర దాకా చూశా. పడ్డావేమోనని, కరెంటు కొట్టిందేమోనని, ఆ రాయి జారి కాలవలో..."

రూతమ్మ కూతుర్ని పైనుంచి కింద దాకా చూసింది. మనుషుల్లో ఒక చిత్రముంది. తమ జబ్బు పిల్లలకి అంటుకుంటే బాధపడతారు, ఆ బాధలోనే కాస్త సంతోషపడతారు కూడా. ఆవిడ మొహంలో ఆ రెండూ కనిపించాయి నాకు.

"రోడ్డు అటూ ఇటూ చూసే దాటావా?"

"చూళ్లేదు" అంది దీవెన. అని, నన్ను చూసింది. లాక్కుని చదివింది. పళ్ల దగ్గరికొచ్చేసరికి ముక్కు చీదింది, నా మీద కాకుండా చున్నీలోకి, దేవుడి దయవల్ల. చివరిదాకా చదివి నన్ను మళ్లీ బల్ల మీద పెట్టింది.

"రేపు రా" అంది చివరికి. "పదకొండున్నరకే తలెత్తుతా."

"వాళ్లు నవ్వుతారేమోనే."

"నవ్వనీ. వాళ్లకి రామయ్య తప్ప ఏం రాదు." గుమ్మం దాకా పోయి మళ్లీ వెనక్కి తిరిగింది. "ఆదివారం కూలింది, సరే. మరి సోమవారం?"

"సోమవారం మా నాన్న బడి మానిపించాడు."

"అది రాయలేదేం?"

"అదేముందే రాయడానికి?"

"రాయి. సాయంత్రం వచ్చి చూస్తా" అని, రోడ్డు దగ్గర ఆగి, అటు చూసి, ఇటు చూసి, బడికి పరిగెత్తింది.

రూతమ్మ పిల్ల కనుమరుగయ్యేదాకా గుమ్మంలో నిలబడింది. తర్వాత వచ్చి కూర్చుని, రెండో చెప్పు కూడా విడిచి, నాలో కొత్త పేజీ తిప్పింది. పెన్సిలు మొన నాలుక మీద తడి చేసుకోబోయి, విషమేమోనని ఆగి, పొడి మొనతోనే 'సోమవారం' అని మొదలుపెట్టింది.