నాలుక కింద మందు

వాగ్దేవి తుమ్మితే జగ్గయ్యపేటలో ఆ ఇంట పనులు ఆగిపోయేవి. భర్త దత్తాత్రేయ గడప దాటబోతూ వెనక్కొచ్చి, కూర్చుని మంచినీళ్ళు తాగేవాడు. అత్తగారు దుర్గాంబ అయితే ఏ శుభకార్యానికైనా కోడలిని ముందుగానే పెరట్లోకి పంపేసేది. సొంత మరిది పెళ్ళిలో తాళి కట్టే వేళ ఆమె మంటపం వెనక అంట్లగిన్నెల మధ్య నిలబడి మేళం విన్నది. తుమ్ము తెప్పించే దుమ్ము ఆ ఇంటిది, పాపం మాత్రం ఈవిడది!

కూతురు లహరి తాంబూలాలకైనా తను హాల్లో నిలబడాలని వాగ్దేవి పంతం పట్టి, నందిగామలో డాక్టర్ జాయిస్‌కి చూపించుకుంది.

"మీకు ఇంటి దుమ్ము పడట్లేదండి. పడని దాన్నే మందుగా కొంచెం కొంచెం ఇచ్చి ఒంటికి అలవాటు చేస్తాం. మూడేళ్ళు పడుతుంది. చుక్కలు నాలుక కింద వేసుకుని రెండు నిమిషాలు మింగకూడదు, మాట్లాడకూడదు. ఓపికుందా?"

"ఓపికకేం కొదవండీ," అంది వాగ్దేవి.

మూడేళ్ళూ పొద్దున్నే చుక్కలు వేసుకుని నోరు మూసుకుంది. సరిగ్గా అప్పుడే అత్తగారికి కాఫీలో పంచదార తగ్గిందని గుర్తొచ్చేది. పలకలేదని సాధింపు అదనం. అయినా మందు పనిచేసింది. తాంబూలాలనాటి పొద్దున అటక మీది తివాచీని తల్లీకూతుళ్ళు కలిసి దులిపితే వాగ్దేవి ముక్కు చిటపటలాడనైనా లేదు. ఆ సంతోషం పట్టలేక పట్టుచీర కట్టుకుని అందరికంటే ముందు హాల్లోకి వచ్చింది.

పిలుపు కోసం లహరి తల్లి వెనకే గుమ్మంలో నిలబడింది. పెళ్ళికొడుకు తల్లి తాంబూలం పళ్ళెం అందుకుంటుండగా గట్టిగా తుమ్ము వినిపించింది.

తుమ్మింది లహరి. కానీ ఎవరిదో చూడాలని ఒక్కరికీ తోచలేదు. ఇంటివాళ్ళ తలలన్నీ అలవాటుగా వాగ్దేవి వైపు తిరిగాయి. దత్తాత్రేయ కూడా.

"ఎవరండీ?" పళ్ళెం వదిలేసి అడిగింది వియ్యపురాలు.

లహరి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నేనేనండి," అంది వాగ్దేవి. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పెరట్లోకి నడిచింది.

"లోపలే ఉండమంటే వింటేగా! దాని జబ్బే అంతమ్మా," అంటూ దుర్గాంబ అందరికీ మంచినీళ్ళిప్పించింది. కాసేపాగి తాంబూలాలు మార్చుకున్నారు. వాగ్దేవి మళ్ళీ గిన్నెల మధ్య నుంచే విన్నది. ఒళ్ళు మండిపోయింది.

అంతా అయ్యాక లహరి ఏడుస్తూ వచ్చింది. "నేనేనని చెప్పేస్తానమ్మా."

"చెప్పి ఏం చేస్తావే? రేపు నందిగామ వెళ్దాం." వాగ్దేవి కూతురి ముక్కు తుడిచింది. "ఏమంత కష్టం కాదులే. నోరు మూసుకుని ఉండాలంతే. అత్తారింట్లో ఎలాగూ తప్పదుగా."