సీనియర్ ఫ్లెక్సీ

విజయ జగిత్యాల బస్సు దిగేసరికి సిరిసిల్ల పాత బస్టాండు దగ్గర ఆమె మొహమే ఆమెను చూసి నవ్వుతోంది. ఇంతెత్తు ఫ్లెక్సీ. ‘సీనియర్ రెసిడెంట్ డాక్టర్ విజయకు శుభాకాంక్షలు.’ కింద తండ్రి యాదగిరి ఫొటో, ఆయన ఫోన్ నంబరు.

విజయ సీనియర్ కానే కాదు. జార్జియాలో డాక్టరు చదువు చదివి, ఇక్కడి పరీక్ష గట్టెక్కి, జగిత్యాల ఆసుపత్రిలో ఇంకా ఇంటర్న్‌షిప్పే చేస్తోంది. అది పూర్తయిందని సంతకం పెట్టాల్సిన ఆసుపత్రి పెద్దసారు సోమవారం సిరిసిల్లకు పెండ్లికి వస్తున్నారు. లేని హోదా తగిలించుకుందని చూశారంటే సంతకం ఆగినట్టే.

ఇంట్లో యాదగిరి తొణకలేదు. "ఆరేండ్లు సాంచల మీద బట్ట నేసినోన్ని ఎవడన్నా జూనియరంటడా బిడ్డా? నువ్వు ఆరేండ్లు చదివినవ్."

"సాంచల లెక్క వేరు నాయినా. ముందుగాల ఇంటర్న్‌షిప్ ఒడువాలె, గప్పుడు పక్కా రిజిస్ట్రేషన్. పీజీ సీటొస్తే మూడేండ్లు జూనియర్ రెసిడెంట్. గది గూడ ఒడిసినంక సీనియర్. ఇక్కడ చదివినోల్లకైనా గంతే."

"అంటే నువ్విప్పుడు జూనియర్‌వి గూడ కావా?"

"కాను."

"గట్ల రాస్తే ఫ్లెక్సీ ఎవడు చూస్తడు? కట్టినంక విప్పితే వాడకట్టంత నవ్వుతది. ఉండనీ."

తల్లి ముత్తవ్వ బీడీలు చుడుతూనే అంది: "మీ నాయిన ఇనడు. ఇనిపియ్యాలె."

విజయ పక్కింటి కొమురవ్వ దగ్గరికి వెళ్లింది. కొమురవ్వకు చెప్పిన మాట చాయ్ చల్లారేలోపు మార్కెట్ చేరుతుంది. "పెద్దమ్మా, సీనియర్ డాక్టర్లన్నంక, ఎవ్వలు ఏ యాళ్ల ఫోన్ చేసినా కాదనొద్దు. నంబరు ఫ్లెక్సీ మీదనే ఉన్నది."

ఆదివారం యాదగిరికి ఒక్క ముద్ద నెమ్మదిగా దిగలేదు. ఒకరికి మోకాళ్లు, ఒకరికి షుగరు. వాడకట్టు ఎల్లన్న అయితే తన బర్రె మేత ముడతలేదని ఫోన్ చేశాడు.

"నేను సాంచల మనిషినే అన్నా."

"సీనియరని పెద్ద పెద్ద అక్షరాలు రాసుకున్నవు గదా. నా బర్రె అంటే అగ్గువనా?"

పొద్దు గూకకముందే యాదగిరి నిచ్చెన అడిగి తెచ్చుకున్నాడు.

సోమవారం పెద్దసారు కారు ఖాళీ స్తంభాల ముందునుంచి పెండ్లికి వెళ్లిపోయింది. ఫ్లెక్సీ మాత్రం యాదగిరి ఇంట్లో, వానకు కారే రేకుల కింద, అక్షరాలు లోపలికి కనిపించేటట్టు కట్టి ఉంది.

"బయట కట్టాలంటే ఇంకెన్నేండ్లు బిడ్డా?"

"నాలుగైదు. సీటొస్తే."

"రంగు పోదట. అచ్చేసిన జలపతిని అడిగిన."

ఇంతలో ఫోన్ మోగింది. యాదగిరి చూడనైనా చూడకుండా దాన్ని బిడ్డ చేతిలో పెట్టాడు. "ఎల్లన్నే అయితడు. బర్రె మేసిందో లేదో అడుగు."