నలభై నిమిషాలు

అక్షితా, జడ తర్వాత వేసుకుందువు గానీ నా పక్కన కూర్చో. నీకు తెలియని నీ ముచ్చట ఒకటుంది.

మీ అమ్మ మంజులత నకిరేకల్ దగ్గర నూలు మిల్లులో కంప్యూటర్ పని చేసేది. పని దిగేటప్పుడు గేటు దగ్గర మిషను మీద వేలు పెట్టాలి. అది కుయ్‌మంటుందే గానీ టైం చూపించదు. ఆడవాళ్లు ఎన్నింటికి బయటపడ్డారో రోజూ ఏడింటికి ఇంటికి మెసేజు వస్తుంది. భద్రత కోసమన్నారు. మగవాళ్ల ఇళ్లకు రాదు. మీ అమ్మది మీ నాయిన దామోదర్ ఫోనుకు వచ్చేది.

ఒక నెలలో ఆ మెసేజుకూ ఆమె గడప తొక్కే టైముకూ తేడా పడసాగింది. దారికి పట్టే టైము పోను మొదట ఐదు నిమిషాలు, తర్వాత ఇరవై, చివరికి నలభై.

"ఐదూ ఇరవైకే ఇడిసినవని మెసేజు వచ్చింది. తేడా రోజురోజుకు పెరుగుతాంది. యాడికి పోతున్నవే?" అన్నాడు నా కొడుకు.

"ఆరింటికి మిల్లు ఇడిసిన. సీదా ఇంటికే వచ్చిన."

"మిషనుకు నీ మీద పగనా?"

ఆ మాట అన్నది నేనే బిడ్డా. అంతటితో ఊరుకోలేదు. వాకిట్లో ఆడుకుంటున్న నిన్ను ఎత్తుకొచ్చి, నీ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యమన్నాను. వేసింది. అయినా తప్పు చేసిందనే అనుకున్నాను.

మర్నాడు మీ అమ్మ నన్ను వెంటబెట్టుకుని మిల్లుకు పోయింది. గేటు మిషనుకు టైం ఇచ్చే సర్వర్ అనే పెద్ద కంప్యూటర్ ఉన్న గది తాళం తీయించింది. గోడ గడియారంలో పదకొండు, తెర మీద పదీ ఇరవై.

"ముల్లు తిప్పినట్టు తిప్పరాదే," అన్నాను.

"తిప్పితే రేపటికి మళ్ల ఎనకబడ్తదత్తా." తెర మీది రాతలు ఒక్కొక్కటీ చదివింది. "ఇది నెట్‌ల ఉండే అసలు గడియారాన్ని జరజరసేపటికి టైం అడగాలె. పోయిన నెల కొత్త నెట్ డబ్బా పెట్టిన్రు గదా, గా దారి మూసుకపోయింది. అడుగుతనే ఉన్నది, జవాబు వస్తలేదు."

ఫోన్ చేసి ఆ దారి తెరిపించింది. కాసేపటికి తెర మీది అంకెలు గోడతో కలిశాయి.

తలుపు దగ్గర నిలబడ్డ నాగరాణి, ఆమెతో పనిచేసే పిల్ల, మెల్లగా అంది: "అయితే మా ఇంట్ల తన్నులు గూడ గిందుకేనా అక్కా?"

ఎవరింట్లో గొడవ వాళ్లు దాచుకున్నారు. మిషనైనా అడగడం మానలేదు. నేను ఒక్కసారైనా 'ఏమైంది బిడ్డా' అని అడగలేదు.

ఆ సాయంత్రం ఏడు దాటినా మీ నాయిన ఫోను మోగలేదు.

"మెసేజు రాలేదేంది?" అన్నాడు.

"మిల్లుల నీ నంబరు తీయించి నా నంబరు రాపిచ్చుకున్న," అంది, బియ్యం కడుగుతూనే. "ఏమన్న తెల్వాల్నంటే నన్ను అడుగు."

నన్ను ఇప్పటికీ ఒక్క మాట అనదు. ఆమె అన్నం వడ్డిస్తుంటే నేను తలెత్తలేను. ఇది మనసులో పెట్టుకో తల్లీ, నీ పిల్లలకూ చెప్పు. చెప్పేటప్పుడు తప్పు మిషను మీద పెట్టకు. ఒట్టు వేయించింది మా అవ్వ బీరమ్మ అని, నా పేరు పెట్టి చెప్పు.