తెల్లగుడ్డ కింది రొట్టె

మా బావమరిది ఫ్రిజ్జులు బాగుచేస్తాడు. చల్లబరచడం వాడి వృత్తి, మంటబెట్టడం ప్రవృత్తి. లోకంలో ప్రతిదాని మీదా వాడికో అభిప్రాయం ఉంటుంది కనుక ఇంటిల్లిపాదీ వాణ్ణి అభిప్రాయరావు అంటాం. మా చర్చి విశ్వాసుల మీద రోజూ ఫోనులో ఏదో ఒకటి పెడతాడు. స్తుతి తక్కువ, స్టేటస్సు ఎక్కువ. ప్రతి పోస్టు చివరా 'ఇది వినయంతో నా వ్యక్తిగత అభిప్రాయం మాత్రమే' అని ఓ తోక. తేలు కూడా వినయంగానే ఉంటుంది, తోక దాకా.

ఆ తోక ఈసారి మా అక్కకు తగిలింది.

అక్క ఆసుపత్రిలో ఆయా. శనివారం రాత్రంతా వార్డులో రోగుల పక్కలు మార్చి, తెల్లారి డ్యూటీ దిగి, ఇంటికైనా పోకుండా చర్చికి వస్తుంది. ప్రభువు బల్లలో రొట్టె పుచ్చుకోకుండా ఆమెకు వారం మొదలు కాదు. ఓ ఆదివారం ప్రార్థన మధ్యలో కునుకు పట్టింది. తల వాలింది, నోరు తెరుచుకుంది. పక్క బెంచీలోంచి అభిప్రాయరావు వీడియో తీశాడు. 'సంఘం నిద్రపోతోంది' అని పేరు పెట్టి, లేని గురకను అతికించి మరీ ఊరిమీదికి వదిలాడు. వార్డులో రోగులూ చూశారు. ఒకాయన అక్క వినేలా గురక పెట్టి పకపకా నవ్వాడట.

"ఇక చర్చి గడప తొక్కనురా," అంది అక్క. "దేవుడి దగ్గర కాక ఇంకెక్కడ కన్ను మూస్తాన్రా నేను?"

నేను వాడి షాపుకెళ్లి వీధి అదిరేలా అరిచాను. వాడు మాత్రం అదరలేదు. ఫోనును స్టాండుకు బిగించి, మోకాళ్లూని, ఏడుస్తూ క్షమాపణ వీడియో తీశాడు. రెండుసార్లు తీశాడు, మొదటిసారి కన్నీళ్లు సరిగా కనపడలేదట. వినయం కాదది, అభినయం. పాత వీడియో మాత్రం తీసెయ్యలేదు.

"అదెంతమంది చూస్తున్నారో తెలుసా బావా? దాన్ని చూసినవాళ్లే దీన్నీ చూస్తున్నారు!"

మా చర్చిలో ఓ పద్ధతుంది. రొట్టె, ద్రాక్షరసం బల్లమీద తెల్లగుడ్డ కప్పి ఉంటాయి. పాస్టరు అయ్యగారు గుడ్డమీద చెయ్యి వేసి, "ఎవరికైనా ఎవరితోనైనా తగువుందా?" అని అడుగుతారు. ఉంటే, నొప్పించినవాడు లేచి నొచ్చుకున్నవాళ్ల ఎదుటికెళ్లి సర్దుకోవాలి. అందాకా గుడ్డ లేవదు.

తర్వాతి ఆదివారం అక్క రాలేదు. అయ్యగారు అడిగీ అడగకముందే నేను లేచాను.

"వీడు మా అక్కతో తేల్చుకోవాలి!"

"తేలిపోయింది కదా బావా," అన్నాడు అభిప్రాయరావు. "క్షమాపణ పెట్టాను. వెయ్యిమంది క్షమించేశారు కూడా."

"అక్కది బటన్ల ఫోనురా దరిద్రుడా! నువ్వు కొట్టిందెవర్ని, క్షమించిందెవరు?"

అయ్యగారు గుడ్డ మీంచి చెయ్యి తీసేశారు. "సెల్లులో చెప్పింది ఇక్కడ చెల్లదు బాబూ. ఆమె ఇంటికెళ్లి చెప్పిరా. మేం కూర్చునే ఉంటాం."

రెండు వీధుల అవతల ఇల్లు. నేనూ వెంటపడ్డాను. అక్క డ్యూటీ దిగి, వాచిన పాదాలు వేణ్ణీళ్ల బకెట్‌లో పెట్టుకుని కూర్చుంది. వీడు గుమ్మంలోనే ఫోను పైకెత్తాడు.

"లైవ్ పెడతా బావా, పదిమందికీ మాదిరిగా..."

లాక్కున్నాను. ఫోను లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో వాడికి తోచలేదు.

"వదినా..." అన్నాడు.

"ఏం, అభిప్రాయాలు అయిపోయాయా?" అంది అక్క. "నా మొహం అందులోంచి తీసెయ్."

ఫోను చేతికిచ్చాను. తీసేశాడు.

"ఇప్పుడు నీ మొహం తీసెయ్. ఆ ఏడుపుది."

దానికి మాత్రం వాడి బొటనవేలు గాల్లోనే ఆగింది. వెయ్యి లైకులు మరి! కళ్లు మూసుకుని నొక్కాడు. ఫోను మళ్లీ నేనే తీసుకుని జేబులో వేసుకున్నాను.

"తప్పయింది వదినా," అన్నాడు. ఈసారి కన్నీళ్లు లేవు. గొంతు మాత్రం వాడిది.

అక్క కాళ్లు తుడుచుకుంది. "పదండి. అంతమందిని కూర్చోబెట్టి రావడమేంట్రా, బుద్ధి లేకపోతే సరి."

చర్చిలో అక్క తన బెంచీలోనే కూర్చుంది. అయ్యగారు మళ్లీ గుడ్డమీద చెయ్యి వేశారు. "ఇంకెవరికైనా ఉందా?"

"ఉంది!" అన్నాను. నా కోపం ఇంకా కుతకుతలాడుతూనే ఉంది. "తీసింది వీడొక్కడే. నవ్వు బొమ్మలు పెట్టిందెవరు? పక్క సంఘాలకు షేరు చేసిందెవరు? చూపించినవాడిదేనా పాపం, చూసి పంచినవాళ్లకు షేరు లేదా?"

తలలన్నీ గడ్డాలు గుండెలకు ఆనేదాకా వంగాయి. అంత వినయం మా సంఘంలో నేనెన్నడూ ఎరగను.

అయ్యగారు గుడ్డ వదిలి దిగివచ్చి, అక్క ముందు నిలబడ్డారు.

"అమ్మా, ఆ వీడియో కింద నేను దండం బొమ్మ పెట్టాను. 'బాగా చెప్పావు' అని కూడా రాశాను."

ఆయన వెనక ఒకరు లేచారు. ఇంకొకరు. వరుస వీధి గుమ్మం దాకా సాగింది. నాకు చల్లారలేదు సరికదా, మరింత మండింది. ఇంతమందా!

అక్క తల వాలింది. నోరు తెరుచుకుంది. రాత్రంతా డ్యూటీ కదా!

ఫోను కోసం ఎవరి చెయ్యీ జేబులోకి పోలేదు. నా జేబులో వాడి ఫోను గుయ్యిమంటే దాని గొంతు నొక్కేశాను. వెనక ఎవరో దగ్గారు.

"ష్!" అన్నాడు అభిప్రాయరావు.

అక్క లేచేదాకా గుడ్డ లేవలేదు.