చప్పట్లు లేని పాట

తంగేడు పూసిందంటే సరితకు రెండు ఊళ్లు గుర్తుకొస్తాయి. ఒకటి మహబూబ్‌నగర్ అవతల తాను పుట్టిన ఊరు. రెండోది తానెన్నడూ చూడని ఊరు. ఆ రెండో ఊరిని అల్మాజ్ టీచర్ చూపించింది. అశోక్‌నగర్‌లో, మెట్ల మీద కూర్చోబెట్టి.

అల్మాజ్‌ది ఇథియోపియా. యూనివర్సిటీలో చదువుకోవడానికి ఇక్కడికి వచ్చి, చదువయ్యాక నారాయణగూడలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పడానికి చేరింది. దక్షిణామూర్తిగారి మూడంతస్తుల ఇంట్లో పైన ఒంటిగదిలో ఉండేది. ఆ ఇంటికి సరిత నాన్న దాసయ్య వాచ్‌మన్. గేటు పక్కన, వీధివైపు తలుపున్న చిన్న గది వాళ్లది.

సరిత తొమ్మిది దాకా ఊళ్లో నానమ్మ దగ్గరే చదివి పదో తరగతికి అమ్మానాన్నల దగ్గరకు పట్నం వచ్చింది. ఊరి బళ్లోనే జవాబు తెలిసినా చెయ్యెత్తని పిల్ల. పట్నంలో ఇక చెప్పేదేముంది, హాజరు పిలిచినప్పుడు పలికిన మాట సారుకు వినపడక వచ్చిన రోజు కూడా రానట్టే పడింది. సాయంత్రం మెట్ల మీద పుస్తకం ముందేసుకుని ఏడుస్తుంటే, బడి నుంచి వస్తున్న అల్మాజ్ పక్కన కూర్చుంది.

"ఏమైంది? జర గట్టిగ చెప్పు బిడ్డ."

ఏడుస్తున్న సరితకు నవ్వొచ్చింది. టీచర్ తెలుగంతా సరిత అమ్మ మాసమ్మ దగ్గర నేర్చుకున్నదే. దక్షిణామూర్తిగారి భార్య హైమవతిగారిని కూడా కొత్తలో అలాగే పలకరించింది, "ఏందమ్మా, మంచిగున్నవా?" అని. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇన్నేళ్లయినా ఆ యాసను తన గడప దాటనివ్వని ఇంటి ఓనరు హైమవతిగారు ఉలిక్కిపడ్డారు. పరాయి దేశపు పిల్ల, కారం తినలేదేమో అని జాలిపడి కొంచెం ఆవకాయ పెడితే, అల్మాజ్ దాన్ని అన్నం కూడా లేకుండా నాకేసి, ఇంకొంచెం ఉందా అని అడిగింది. అక్కడిదాకా బాగానే ఉంది కానీ ఒకరోజు, "కాఫీ మా దేశంల పుట్టింది. అందుల పాలెందుకు పోస్తరు?" అనేసింది.

"కాఫీ వాళ్లదేనటండీ! మనకు తాగడం రాదట!" అని హైమవతిగారు రెండు రోజులు భర్త దగ్గర వాపోయారు.

ఆ సాయంత్రం నుంచి సరిత మెట్ల మీద టీచర్ దగ్గర లెక్కలు నేర్చుకుంటూ ఉండగానే వానాకాలం వెనకబట్టింది. ఒక సాయంత్రం అల్మాజ్ పెన్ను పక్కన పెట్టి, "ఇంక కొన్ని రోజులల్ల మాకు కొత్త సంవత్సరం," అంది.

అప్పుడే బట్టలు పిండి మెట్లెక్కుతున్న మాసమ్మ ఆగింది. "ఇప్పుడేం సంవత్సరం టీచరమ్మా?"

"మా లెక్క వేరే. మీకంటె ఏడెనిమిదేండ్లు ఎనుకుంటది."

"అయితే నేను గూడ ఆడికే వస్త. ఎనిమిదేండ్ల కింద నా మోకాళ్లు మంచిగుండె."

మాసమ్మ నవ్వుకుంటూ పైకి వెళ్లిపోయింది. అల్మాజ్ ఆ పండగ గురించి చెప్పడం మొదలుపెట్టింది. అక్కడ వానలు ఆగగానే కొండలన్నీ పసుపు రంగు పూలతో నిండిపోతాయి. ఏడాదిలో ఆ కొన్ని రోజులే పూస్తాయి. ఆడపిల్లలు తెల్లబట్టలు కట్టుకుని, గుప్పిట్లో ఆ పూలు పట్టుకుని ఇంటింటికీ పోతారు. తలుపు ముందు ఒకరు పాడితే మిగతావాళ్లు చప్పట్లు కొడుతూ అందుకుంటారు. లోపలివాళ్లు తలుపు తీసి రొట్టె పెడతారు.

"మా అమ్మ అంటది, పిల్లలు తలుపు ముంగట పాడకపోతే ఏడాది లోపలికి రాదు, బయటనే నిలబడతది అని."

"నిరుడు ఏం చేసినవ్ టీచర్?" సరిత నెమ్మదిగా అడిగింది.

"తలుపు తెరిచి కూసున్న. గ్యాస్ బండ ఆయన వచ్చిండు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక కూడా అల్మాజ్ ఎదురింటి నీళ్ల ట్యాంకు వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు సరితకు తెలుసు. పట్నం వచ్చిన కొత్తలో తాను కూడా గేటు పట్టుకుని అలాగే చూసేది, రోడ్డు చివర ఊరు కనిపిస్తుందేమో అన్నట్టు.

"ఎండాకాలం వస్తే ఈడ నా పని ఖతం. పోత. ఇది ఈడ ఆఖరి పండుగ," అంది అల్మాజ్, మళ్లీ పెన్ను తీసుకుంటూ.

ఆ రాత్రి సరిత అమ్మకు అంతా చెప్పింది. ఒక్కసారైనా టీచర్ తలుపు ముందు ఎవరైనా పాడాలని కూడా చెప్పింది. చెప్పడానికే ఆమెకు చాలా సేపు పట్టింది.

"గంతేనా? మన బతుకమ్మ తీరుగనే ఉన్నది గద," అంది మాసమ్మ. "నేను పాడుత. నువ్వూ అంబికా అందుకోండ్రి."

అంబిక పక్క ప్లాటులో ఇల్లు కడుతున్న కూలీల బిడ్డ. ఎనిమిదేళ్లు ఉంటాయి, భయమంటే ఏమిటో తెలియదు. సరితకు ప్రాణం కుదుటపడింది. ఊళ్లో బతుకమ్మ ఆడేటప్పుడు కూడా ఆమె పాడినట్టే ఉండేది, కానీ గొంతు చప్పట్ల చాటునే దాక్కునేది. ఈసారీ అలా గడిచిపోతుందనుకుంది.

పండగ ముందు రోజు హైమవతిగారి చెవిన పడింది.

"పక్షాలమ్మా ఇవి, మహాలయ పక్షాలు. పక్షాల్లో పండగేంటి? పైగా రేపు మా మామగారి తద్దినం. మెట్ల మీద పాటలూ గీటలూ పెట్టకండి."

"మా బతుకమ్మ పెత్రమాస నాడే మొదలైతది గదమ్మా," అంది మాసమ్మ. పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య నాడే ఎంగిలిపూల బతుకమ్మ కూడా.

"మీ సంగతి వేరు మాసమ్మా. నా ఇంట్లో వద్దు."

మాసమ్మ మెట్లు దిగి గదిలోకి వచ్చి, ముఖం వేలాడేసిన కూతురిని చూసింది.

"ఎందుకు పరేషాన్ అయితవ్? మెట్ల మీద వద్దన్నది. మన తలుపు కాడ వద్దనలే. టీచరమ్మను మన ఇంట్ల కూసోపెడదాం. రేపు ఆమెనే ఇంటామె. మనమే బయట నిలబడి పాడుదాం."

టీచర్ చెప్పిన పసుపు పూలకు బదులు తంగేడు కావాలి. సరిత చిక్కడపల్లి మార్కెట్టంతా తిరిగింది. ఎటు చూసినా బంతులు, చామంతులు.

"తంగేడు ఇప్పుడేడ దొరుకుతది బిడ్డా? పెత్రమాసకు రా, బండెడు వస్తది," అంది పూలమ్మే ఆమె.

చివరికి అంబికే దారి చూపింది. అడిక్‌మెట్ దాటాక యూనివర్సిటీ వైపు బండల మధ్య తంగేడు పొదలున్నాయట, వాళ్ల నాన్న అక్కడ గోడ కట్టినప్పుడు చూసిందట. ఇద్దరూ నడిచిపోయారు. నిజంగానే ఉంది. పల్చగా, అప్పుడప్పుడే విచ్చుతోంది. కొమ్మ వంచి వాసన చూడగానే సరితకు ఊళ్లో చెల్క చేని గట్టు, గంపతో ముందు నడిచే నానమ్మ, మడమలకంటిన ఎర్రమట్టి అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. అంబిక చూడకుండా కళ్లు తుడుచుకుంది.

పండగ నాడు అల్మాజ్‌కు సెలవేమీ లేదు. బళ్లో పాఠాలన్నీ చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి, పెట్టెలో నుంచి అంచున్న తెల్ల నూలు బట్టలు తీసి కట్టుకుంది. ముందు రోజే కాల్చి పెట్టిన పెద్ద గుండ్రటి రొట్టె, పచ్చి కాఫీ గింజల పొట్లం పట్టుకుని, మాసమ్మ పిలిచిన ప్రకారం కింది గదికి దిగింది. టీచర్ వాళ్ల దేశపు అలవాటుగా నేల మీద పరవడానికి మాసమ్మ పచ్చగడ్డి కోసి తెచ్చింది.

"బర్రెలకేసినట్టున్నది టీచరమ్మా," అని నవ్వుతూనే గదంతా పరిచింది. దాసయ్య కుర్చీ ఎత్తుకుని గేటు అవతలికి జరిగి చోటిచ్చాడు.

అంతలో పైనుంచి కేక. బంధువులు ఎక్కువమంది వచ్చారు, చేతిసాయానికి మాసమ్మ కావాలి.

"జల్దిన వస్త. రాకుంటే మీరే షురూ చెయ్యిండ్రి," అని మాసమ్మ వెళ్లిపోయింది.

లోపల అల్మాజ్ తలుపు దగ్గరకు వేసుకుని పెనం మీద గింజలు వేయించసాగింది. బయట సరిత, అంబిక తంగేడు పట్టుకుని నిలబడ్డారు. ఎంతసేపు చూసినా మాసమ్మ దిగిరాలేదు.

"పాడక్కా, చెయ్యి నొస్తుంది," అంది అంబిక. పాట రాకముందే పూలు చంకలో పెట్టుకుని టపటపా చప్పట్లు మొదలుపెట్టింది. సరిత కూడా కలిపింది. చప్పట్ల చాటున గొంతు సవరించుకునేలోపే మొదటి అంతస్తు బాల్కనీలో హైమవతిగారు వంగి కనిపించారు.

"సరితా! ఏంటమ్మా ఆ చప్పట్లు? అంకుల్ ఇప్పుడే నడుం వాల్చారు. ఇవాళ చప్పట్లు వినపడకూడదు తల్లీ."

రెండు జతల చేతులూ గాల్లోనే ఆగిపోయాయి. తలుపు అవతల పెనం మీద గరిటె చప్పుడు కూడా ఆగింది. టీచర్ విన్నది. ఇప్పుడు ఎదురుచూస్తోంది. గడ్డి పరుచుకుని, తెల్లబట్టలు కట్టుకుని.

నాలుగడుగులు వేస్తే గేటు దాటిపోవచ్చు. రేపు మెట్ల మీద "అమ్మ రాలే టీచర్" అని చెప్పొచ్చు. టీచర్ ఏమీ అనదు. నవ్వి, గ్యాస్ బండ మాటే మళ్లీ చెప్తుంది. ఆ నవ్వు తలచుకుంటేనే సరితకు నిలబడబుద్ధి కాలేదు, కదలబుద్ధీ కాలేదు.

ఈ పండగకని అమ్మ కట్టి నేర్పిన పాట ఒక్క ముక్కా గుర్తు రాలేదు. చేతిలో పూలను, మూసి ఉన్న తలుపును చూసింది. నోటికి వచ్చింది పాడింది.

"తంగేడు పూసింది ఉయ్యాలో
తలుపు తియ్యవమ్మా ఉయ్యాలో..."

గొంతు పగిలింది. మొదటి సారి తనకే వినపడలేదు. రెండోసారి అంబిక "ఉయ్యాలో" అని బొంగురుగా అందుకుంది. మూడోసారికి ఆ గొంతు ఎవరిదో అన్నట్టు సరిత విన్నది. దాచడానికి చప్పట్లు లేవు. సన్నగా, వణుకుతూ, గోడ మీది నుంచి వీధిలోకి పోతోంది.

"దూరంకెల్లి వచ్చింది ఉయ్యాలో
వాకిట్ల నిలిచింది ఉయ్యాలో
కొత్త ఏడాదమ్మ ఉయ్యాలో
లోపలికి రమ్మను ఉయ్యాలో..."

తలుపు తెరుచుకుంది. కాఫీ పొగ ముందు వచ్చింది, దాని వెనక అల్మాజ్. రొట్టె రెండు చేతులా పట్టుకుని ఉంది కాబట్టి కళ్లు తుడుచుకోవడానికి వీల్లేకపోయింది. ఏదో తన భాషలో అంది. ఆశీర్వాదం అయి ఉంటుంది. సరిత తల వంచితే, అంబిక చెయ్యి చాచింది.

"రొట్టె ఇయ్యవా మరి?"

అందరూ నవ్వుతుండగా హైమవతిగారు మెట్లు దిగి వచ్చారు. తిట్టడానికే వచ్చారేమో. పాపం, తద్దినం పనిలో పొద్దుటి నుంచీ ఆమె కాఫీ చుక్క ముట్టలేదు. తలుపు దాకా వచ్చి ఆగి, కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చారు.

"తాగుతవా అమ్మా?" అంది అల్మాజ్.

"ఇవాళ బయట ఏదీ ముట్టకూడదమ్మా." అంటూనే ఇంకో అడుగు ముందుకేసి, "వాసనకు మడేముందిలే," అని గడప పక్కనే నిలబడ్డారు. "నువ్వు పాడవే పిల్లా. చప్పట్లే వద్దన్నాను కానీ పాట వద్దన్నానా?"

అప్పటికి మాసమ్మ చేతులు తుడుచుకుంటూ దిగింది. పాడుతున్నది ఎవరా అని దాసయ్య వైపు చూసింది. దాసయ్య గడ్డంతో కూతురిని చూపించాడు.

ఎండాకాలం రాగానే అల్మాజ్ వెళ్లిపోయింది. పైగదిలో ఇప్పుడు పోటీ పరీక్షలకు చదువుకునే అమ్మాయిలున్నారు. సరిత ఇంటర్‌లో చేరింది. వానలు వెనకబట్టి, పక్షాలు ఇంకా మొదలుకాకముందే ఈసారి ఆ పండగ వచ్చింది. తెల్లవారుతూనే సరిత మిద్దె మీదికి ఎక్కి, నాన్న ఫోన్‌లో ఆ పాట పాడి టీచర్‌కు పంపింది. ఇప్పుడు వద్దనేవాళ్లెవరూ లేకపోయినా చప్పట్లు కొట్టలేదు.

చాలాసేపటికి జవాబుగా గొంతు వచ్చింది. వెనకాల ఎవరో పిల్లలు, గిన్నెల చప్పుడు, కోడి కూత.

"సరితా, తలుపు తీసిన. జర గట్టిగ పాడు బిడ్డ, మా అమ్మకు వినపడాలె."