సబ్బు మిగిలిన నేల

"వార్డు నేల ఎలా తుడవాలో చూడ్డానికా నువ్వు డాక్టరీ చదివింది?" అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ. ఆస్పత్రిలో ల్యాబు డాక్టరమ్మ ఆమె. అత్తగారికి మాత్రలిచ్చి బయల్దేరింది.

పసిపిల్లల వార్డులో జ్వరాలు తగ్గడం లేదు. "ఆడవాళ్ళు కబుర్లాడుతూ తుడిస్తే ఇంతే," అని సూపరింటెండెంటు అందరి ముందూ తిట్టి, వార్డు శుభ్రం చేసే, అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడని పనిలోంచి పంపేశాడు. డాక్టరమ్మకి ఆ మాట మింగుడుపడలేదు. పెద్దక్క పని ఆమె కళ్ళారా చూసింది. మంచాల చక్రాల సందుల్లోకి వేలితో గుడ్డ దూర్చి మరీ తుడిచేది. జ్వరాలు మొదలయ్యాక సబ్బు రెట్టింపు చేసి, నడుం విరిగేలా తోమింది. అంత కష్టం ఎందుకు ఫలించలేదు?

ఆరా తీస్తే, క్రిములు చంపే మందుని ఆఫీసువాళ్ళు ఈమధ్యే మార్చారని తెలిసింది. కొత్త మందుకి సబ్బు గిట్టదు. నేలమీద సబ్బు మిగిలితే మందు దానితోనే కలిసి నీరుగారిపోతుంది, క్రిములదాకా పోదు. పైగా బోరునీళ్ళలో సున్నం ఎక్కువ, దానివల్ల మందు ఇంకా చచ్చుబడుతుంది. పాపం, తోమినకొద్దీ నష్టమే. ఆ సంగతి పెద్దక్కకి ఎవరూ చెప్పలేదు.

ఒక గదిలో సబ్బంతా పోయేలా కడిగించి, సున్నం తీసిన నీళ్ళలో మందు కలిపి తుడిపించింది. పక్క గదిని ఎప్పటిలాగే సబ్బుతో తోమించి, మందు పెట్టించింది. పరీక్షలో మొదటి గదిలో క్రిముల జాడే లేదు. రెండోదాంట్లో గుంపులుగా పెరిగాయి.

"బావుంది. కొత్తవాళ్ళకి ఇలాగే నేర్పండి," అన్నాడు సూపరింటెండెంటు ఆ ఫలితాలు చూసి.

"మరి పెద్దక్క?"

"ఇప్పుడు పిలిస్తే తప్పు మనదని ఒప్పుకున్నట్టవదూ?"

"తప్పు మనదే కదండీ."

ఆయన ఇంకో ఫైలు ముందుకి లాక్కున్నాడు. సాయంత్రం ఆమె తిన్నగా పెద్దక్క ఇంటికి వెళ్ళింది. పెద్దక్క గడపమీద కూర్చుని ఉంది.

"పిల్లలకెలా ఉందమ్మా?" అదీ పెద్దక్క మొదటి మాట. డాక్టరమ్మ జరిగిందంతా చెప్పి, రేపట్నించి రమ్మంది.

"వస్తాను. కానీ నలుగురిలో తిట్టారు కదా, నలుగురిలోనే ఆ మాట వెనక్కి తీసుకోవాలి."

ఎంత తేలిగ్గా అడిగింది, అనుకుంది డాక్టరమ్మ. ఇన్నేళ్ళలో తను ఎవరినీ ఇలా అడగలేదు. ఇంతలో ఫోను మోగింది.

"ఎక్కడున్నావు? అమ్మ ఆకలంటోంది," అన్నాడు భర్త.

"వండిపెట్టండి. నాకు ఆలస్యమవుతుంది," అని ఫోను పెట్టేసి, పెద్దక్క వైపు తిరిగింది. "సూపరింటెండెంటు ఆ మాట వెనక్కి తీసుకునేదాకా నేనూ పనిలోకి వెళ్ళను."

పెద్దక్క ఆమెని ఎగాదిగా చూసి, గడపమీద కాస్త జరిగి చోటిచ్చింది.