గడియ తీరిక

నేను ఒక ట్రాక్టరును. ఒకప్పుడు నిలువెల్లా ఎర్రరంగు పూసుకుని ఊళ్లో ఊరేగినదాన్ని. ఇప్పుడు కాలవ వంతెన పక్కన, పాత ఇనుము కొట్టు ముందు, ముందు చక్రాలు లేక ముక్కు నేలకి ఆనించి కూలబడ్డాను. దారిన పోయేవాళ్లు వేలు పెట్టి చూపిస్తుంటారు. "అదిగో, బ్రేకు ఫెయిలై కాలవలో పడ్డ బండి!" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. చుక్క చమురు మిగలని ఒళ్లే, అయినా మండుతుంది. నా బ్రేకులు ఏనాడూ ఫెయిలవలేదు. అసలు సంగతి చెప్తాను. గడియ తీరిక ఉంటే విని వెళ్లండి.

నేను పుట్టింది ఇక్కడికి చాలా దూరాన, ఒక పెద్ద కర్మాగారంలో. నా ఒంట్లో ప్రతి బోల్టు బిగించడానికీ ఒక మనిషి, వాడు సరిగ్గా బిగించాడో లేదో చూడ్డానికి ఇంకో మనిషి ఉండేవారు. మనుషులంటే ఇలాగే ఉంటారు కాబోలు అనుకున్నాను. పసితనం మరి.

మీ కార్లకీ లారీలకీ బ్రేకు ఒకటే. నాకు రెండు. డ్రైవరు కుడికాలి దగ్గర పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఎడమవైపు వెనక చక్రాన్ని ఆపుతుంది, రెండోది కుడివైపు చక్రాన్ని. చేలో మలుపు దగ్గర ఒక్క చక్రాన్ని ఆపితే చాలు, మూల కూడా వదలకుండా గిర్రున తిరుగుతాను. అదే రోడ్డు మీద, వేగంలో, ఒక్క చక్రమే ఆగిందనుకోండి. నేను అటే తిరిగి బోల్తా కొడతాను. అందుకని ఆ రెండు పెడళ్లనూ కలిపి ఉంచడానికి వేలెడంత ఇనుప ముక్క పెట్టారు. చేలోకి దిగేటప్పుడు దాన్ని తీయాలి, రోడ్డెక్కేటప్పుడు వెయ్యాలి. నా కథంతా ఆ ముక్క చుట్టూనే తిరుగుతుంది.

నన్ను కొన్నది గోదావరి డెల్టాలో కొత్తలంకపాలెం రైతు ధర్మారావు గారు. నన్ను ఇంటికి తెచ్చిన రోజున బానెట్టుకి పసుపు పూసి, బొట్టు పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. దిష్టి పోయిందన్నారు. మనుషులకి నిమ్మకాయల మీద ఉన్న నమ్మకం ఇంజను ఆయిలు మీద కూడా ఉంటే ఎంత బాగుండును!

నా మొదటి డ్రైవరు పోతురాజు. అప్పటిదాకా ఎడ్లు తోలినవాడు కావడం వల్ల నన్ను కూడా "పదమ్మా, ఊఁ" అని అదిలించేవాడు. పొద్దున్నే ఆయిలు చూసి, నీళ్లు చూసి, చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి గానీ సీటెక్కేవాడు కాదు. పెడళ్లను కలిపే ఆ ముక్కని కర్మాగారంలో ఏమనేవారో అతనికి తెలియదు. గడియ అని పేరు పెట్టాడు. రోడ్డెక్కే ముందు కిందికి వంగి దాన్ని వేసి, "గడియ!" అని పైకి అనేవాడు. టక్కుమని అది పడేది.

"తలుపుకీ గడియే, బండికీ గడియేనండి. అదేస్తేనే కంటిమీద కునుకు," అనేవాడు ధర్మారావు గారితో. ఊళ్లోవాళ్లు నవ్వి అతన్ని గడియ పోతురాజు అనేవాళ్లు. అతని భార్య నూకాలమ్మ కూడా చేలోకి అన్నం క్యారేజీ తెచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు కావాలని గుర్తుచేసేది. "గడియేసావా మావా?" అని అరిచి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నాకు ఆ పిలుపు ఇష్టంగా ఉండేది.

కొన్నేళ్లకి పోతురాజు మోకాలు అరిగింది. క్లచ్చి తొక్కలేక మానేసి, కొబ్బరికాయలు ఒలిచే పనికి కుదిరాడు. వెళ్తూ వెళ్తూ కొత్త డ్రైవరుకి అన్నీ చూపించాడు. గడియ దగ్గర మాత్రం రెండుసార్లు ఆగాడు.

కొత్త డ్రైవరు దుర్గబాబు. దుర్మార్గుడని మాత్రం అనను. నా బాధంతా అదే. దుర్మార్గుడైతే జనం జాగ్రత్తపడేవాళ్లు. ఇతను నవ్వుమొహంవాడు, అడిగితే కాదనడు, పని చకచకా కానిచ్చేస్తాడు. ఆ చకచకల కింద నలిగింది నేను. క్లచ్చి మీద పెట్టిన పాదం తీసేవాడు కాదు. దాంతో నా క్లచ్చి పళ్లేలు కాలి కమురు వాసన వచ్చేది. రేడియేటరులో మంచినీళ్లకి బదులు కాలవలో బురదనీళ్లు ముంచి పోసేవాడు. మడ్‌గార్డుల మీద రెండు పెద్ద స్పీకర్లు బిగించాడు, నా ఇంజను మూలిగినా వినిపించకుండా. బరువు లాగేటప్పుడు ముందు చక్రాలు గాలిలోకి లేపి చూపిస్తే, గట్టు మీద పెద్దమనుషులు సైతం చప్పట్లు కొట్టారు. ఇంకొంచెం లేస్తే వెనక్కి తిరగబడి అతన్నే కింద వేసుకుంటానని వాళ్లెవరికీ తోచలేదు. ధర్మారావు గారు కూడా, "కుర్రాడు గట్టివాడే, రెండు రోజుల పని ఒక పూటలో తేలుస్తున్నాడు," అని మురిసిపోయారు.

గడియ మాత్రం వేలాడుతూనే ఉండేది. చేలో తీసినది చేలోనే మరిచిపోయేవాడు. రోడ్డు మీద నేను కదిలినప్పుడల్లా అది పెడలుకి కొట్టుకుంటూ టింగు టింగుమనేది. దసరాకి మళ్లీ నాలుగు నిమ్మకాయలు తొక్కించారు. కొత్త దండ వేశారు. టెంకాయ కొట్టేటప్పుడు దుర్గబాబు పాదాలకి అరచేయి దూరంలోనే గడియ వేలాడుతూ ఉంది, ఎవరి కంటికీ ఆనలేదు.

మరుసటి ఏడు సార్వా ఊడ్పులొచ్చాయి, వానాకాలం వరినాట్లు. కాలవ నిండుగా పారుతోంది. అందరికీ ఒకేసారి చేను బురదగా దున్నే దమ్ము కావాలి, అందరికీ ఒకేసారి కూలీలు కావాలి. ఆ పొద్దున దుర్గబాబు ఒక చేను దమ్ము చేసి, దమ్ముకి వేసిన ఇనుప చక్రాలు విప్పి, వెనక ట్రక్కు తగిలించి, ఒంటికంటిన బురద కూడా కడగకుండా నన్ను వంతెన దగ్గరికి పరిగెత్తించాడు. ఊడ్పు ఆడవాళ్లు అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్లలో నూకాలమ్మ ఉంది, ఆమె కోడలు రత్నవేణి ఉంది. అందరూ ట్రక్కులోకి ఎక్కారు. నూకాలమ్మ ముందు అంచున, సరిగ్గా నా సీటు వెనక కూర్చుంది. టింగు టింగుమనే చప్పుడు ఆమె చెవిన పడింది.

"ఒరే అబ్బాయ్, గడియేసావా?"

"ఏం గడియ పిన్నీ?" అన్నాడు దుర్గబాబు, పాట ఎంచుకుంటూ.

"అదేరా, మీ బాబాయి ఏసీవోడు కాదా, కాళ్ల కాడ. ఊగులాడతంది సూడు."

"గడియ తీరిక లేదిక్కడ, గడియంట గడియ! అవతల రైతు ఫోను మీద ఫోను కొడతన్నాడు."

"గడియ తీరిక లేదు, గవ్వ రాబడి లేదని, నీ యవ్వారం అలాగే ఉంది," అంది నూకాలమ్మ. ట్రక్కులో అందరూ నవ్వారు. దుర్గబాబు కూడా నవ్వాడు. పాట పెద్దది చేసి నన్ను కాలవ గట్టు ఎక్కించాడు.

కుడిపక్క కాలవ. ఎడమపక్క చేలు. మలుపు తిరిగేసరికి ఎదురుగా బాతుల మంద రోడ్డు దాటుతోంది. దుర్గబాబు ఉలిక్కిపడి కాలు దించాడు. బురద కాలు జారి కుడి పెడలు ఒక్కదాని మీదే పడింది. బలమంతా పెట్టి తొక్కాడు. నేనేం చెయ్యను? తొక్కింది తొక్కినట్టు విన్నాను. నా కుడి చక్రం అక్కడికక్కడే ఆగిపోయింది, ఎడమది తిరుగుతూనే ఉంది, వెనక ట్రక్కు నన్ను తోస్తూనే ఉంది. గట్టు అంచు నా కింద విరిగింది.

నీళ్లలో పడ్డాక కూడా పాట కాసేపు వినిపించింది. దుర్గబాబు దూకి బయటపడ్డాడు. ఆడవాళ్లు ఒకరి కొంగు ఒకరు పట్టుకుని గట్టెక్కారు. రత్నవేణి మాత్రం నీళ్లలోంచి రాలేదు. నూకాలమ్మ చెయ్యి ఆమె చేతిలో ఉంది. మిగతా మనిషి ట్రక్కు కింద ఉంది. మనుషులు వచ్చి ట్రక్కు ఎత్తేదాకా రత్నవేణి ఆ చెయ్యి వదల్లేదు. ఎత్తేసరికి ఇక వదలక తప్పలేదు.

"తొక్కానండి బాబూ, తొక్కినా ఆగలేదండి, బ్రేకు ఫెయిలైపోయిందండి," అని దుర్గబాబు గుండెలు బాదుకుని ఏడ్చాడు. అబద్ధమాడాడని కూడా చెప్పలేను. అతను అలాగే నమ్మాడు. ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. మర్నాటికి నా పేరే అదైపోయింది.

భార్య దినం అయ్యాక పోతురాజు కుంటుకుంటూ ధర్మారావు గారి పాకలోకి వచ్చాడు. నన్ను అక్కడే పడేశారు. నా పక్కన చతికిలబడి ఒక్కో పెడలూ చేత్తో నొక్కి చూశాడు. ఎడమది గట్టిగా ఉంది. కుడిది గట్టిగా ఉంది. భుజం మీద తువ్వాలుతో గడియకి అంటిన బురద తుడిచి, పైకెత్తి వేశాడు. టక్కుమంది. ఆ చప్పుడుకి అతని మొహం ఎలా మారిపోయిందో చెప్పడం నా వల్ల కాదు.

ధర్మారావు గారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"బ్రేకులు బానే ఉన్నాయండి. గడియ ఎయ్యలేదండి," అన్నాడు పోతురాజు.

"చూశాను పోతురాజూ. ఇప్పుడా మాట బయటికి అంటే ఆ కుర్రాడి బతుకు ఏమైపోతుంది చెప్పు? పోయిన మనిషి తిరిగొస్తుందా? బ్రేకు ఫెయిలంటే ఎవరికీ బాధ లేదు."

పోతురాజు గడియని ఇంకోసారి తుడిచాడు. చివరికి, "ఆయ్," అన్నాడు. ఇక్కడివాళ్లు పెద్దవాళ్ల ముందు ఔనన్నా, వింటున్నామన్నా, ఇంకేమనలేకపోయినా ఆ ఒక్క మాటే అంటారు. తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు మొదటిసారి ఏడవాలనిపించింది. ఎవరికీ బాధ లేదట! నాకు నోరు లేదు, నూకాలమ్మకి ప్రాణం లేదు, అందుకే బాధ ఎవరికీ లేకుండా పోయింది.

మనిషిని మింగిన బండి అని నన్ను ఎవరూ కొనలేదు. పాత ఇనుము కొట్టుకి చేరాను. ఇంజను ఒకడు, ముందు చక్రాలు ఒకడు పట్టుకుపోయారు. పెడళ్లు ఎవరికీ అక్కర్లేకపోయాయి. ఫెయిలైన బ్రేకులు ఎవడికి కావాలి? పోతురాజు వేసిన గడియ వేసినట్టే ఉంది.

ఈ కొట్టు ముందే ఇప్పటికీ ఊడ్పు ఆడవాళ్లు బండి కోసం ఎదురుచూస్తారు. ఈ పొద్దున కూడా నిలబడ్డారు. వేరే రైతు కొత్త ట్రాక్టరు మీద దుర్గబాబు వచ్చాడు. నన్ను చూడకుండా మొహం అటు తిప్పుకున్నాడు. "ఎక్కండెక్కండి, పొద్దెక్కిపోతంది," అని తొందరపెట్టాడు.

రత్నవేణి ఎక్కలేదు. "గడియేసావా?" అంది.

"నీకెందుకక్కా అయ్యన్నీ? గడియ తీరిక లేదిక్కడ, ఎక్కండి బేగి."

"నీకు లేపోతే మానె. మాకుంది."

అలా అని వచ్చి నా ఇరుసు మీద క్యారేజీ పెట్టుకుని కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకామె కూర్చుంది. ఒక్కొక్కరే అందరూ కూర్చున్నారు. దుర్గబాబు వాళ్లవైపు చూశాడు, తప్పించుకోలేక నావైపూ చూశాడు. కిందికి వంగాడు.

టక్కుమంది.

రత్నవేణి లేచి వెళ్లి, వేలితో లాగి చూసి, అప్పుడు ట్రక్కు ఎక్కింది. మిగతావాళ్లు ఎక్కారు. బండి మెల్లగా గట్టు మీదికి పోయింది.

దాని వెనకే పక్కూరి బండి ఇంకొకటి వచ్చింది. ట్రక్కు నిండా ఆడవాళ్లున్నారు. వంతెన దగ్గర గుంటలో పడి లేచినప్పుడు, పెద్దగా మోగుతున్న పాట కిందనుంచి నాకు టింగు టింగుమని వినిపించింది. అరవడానికి నాకు హారను కూడా మిగల్లేదు. ఆ బండి కూడా కాలవ గట్టే ఎక్కింది.